మందుతో పాటు కొలతా ఇవ్వండి
ముంబై మహానగర పాలిక ఆరోగ్యాధికారి గారికి బహిరంగ లేఖ

బృహన్ముంబై మహానగర పాలిక ప్రజారోగ్య శాఖ కార్యనిర్వాహక ఆరోగ్యాధికారి గారికి,



నేను కామాఠిపురా గల్లీల్లోనే పుట్టి పెరిగాను. పాలిక నడిపే తెలుగు బడిలో చదువుకున్నాను. అలాంటి బడిలోనే ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీకు రోజూ వచ్చే ఉత్తరాల్లో మురుగు కాలవలు, దోమలు, కూలబోతున్న గోడల సంగతులుంటాయని తెలుసు. నాది చాలా చిన్న సంగతి. ఐదు మిల్లీలీటర్ల సంగతి. పసిపిల్లల నోట్లో పోసే మందు కొలత గురించి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో మా చాల్లో పక్క ఖోలీ, అంటే పక్క గది పిల్లవాడికి జలుబు చేసింది. ఏడాదిన్నర వాడు. తల్లి నాలుగిళ్లలో పని చేస్తుంది. పొద్దున పోతే తిరిగొచ్చేసరికి సాయంత్రమవుతుంది, అందాకా వాడు నా దగ్గరే. ఎక్కడో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించి మందు సీసా తెచ్చింది. "ఆధా చమ్మచ్ అన్నడు టీచరమ్మా, పొద్దుగాల నేను తాపిన, పగటీలి మీరు తాపుండ్రి" అని సీసా నా చేతిలో పెట్టి పోయింది. నేను నా వంటింటి చెంచాలో సగం పోసి తాగించాను. మర్నాడూ అంతే చేశాను. ఆ రెండో రోజు మధ్యాహ్నం పడుకున్నవాడు దీపాలు పెట్టే వేళకు కూడా లేవలేదు. చెంపలు తట్టినా, తడి గుడ్డతో ముఖం తుడిచినా కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంటున్నాడు.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ సీసా చూసింది, తర్వాత "ఏ చెంచా?" అని అడిగింది. అంతవరకు నన్నెవరూ అడగని ప్రశ్న అది. చాల్ కుర్రాడొకడు పరుగున వెళ్లి నా చెంచా పట్టుకొచ్చాడు. ఆమె అందులో సగానికి నీళ్లు పోసి, సూది లేని సిరంజితో పీల్చింది. నీళ్లు ఐదు గీత దాటి పోయాయి. సీసాతో వచ్చిన చీటీ మీద ఉన్నది రెండున్నర. ఆ మందులో నిద్ర తెప్పించే గుణముంది. తల్లి పొద్దున, రాత్రి తన చెంచాతో పోసింది, నేను మధ్యలో నా చెంచాతో పోశాను. ఇద్దరం కలిసి వాడికి రెండు రోజులు ఎంత పోశామో ఇప్పటికీ లెక్క తేలలేదు. తెల్లవారుజామున వాడు లేచి పాలడిగాడు. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను తలుచుకున్నది మా నాన్నని.

మా నాన్న ఇదే కామాఠిపురాలో ఒక డాక్టరు దగ్గర కంపౌండరు. ఆ రోజుల్లో ఖాళీ సీసా రోగే ఇంటి నుంచి కడుక్కుని తెచ్చుకునేవాడు. డాక్టరు చీటీ రాస్తే నాన్న గోడ పక్కనున్న పెద్ద జాడీల్లోంచి ఔన్సు గ్లాసుతో కొలిచి మిక్స్చర్ కలిపేవాడు. ఆ గాజు గ్లాసు మీద ఒక వైపు ఔన్సులు, ఒక వైపు డ్రాములు. ఎనిమిది డ్రాములైతే ఒక ఔన్సు. సీసా నింపి బిరడా బిగించాక అసలు పని మొదలయ్యేది. పాత నోటుబుక్కు అంచు నుంచి వేలెడంత వెడల్పు కాగితం చీల్చి, మడత మీద మడత పెట్టి, మడతల పక్కన కత్తెరతో చిన్న ముక్క కోసేవాడు. విప్పితే అంచంతా రంపపు పళ్లలా ఉండేది. మైదా జిగురు రాసి సీసా పక్కన నిలువుగా అతికించేవాడు. దాన్ని ఖురాకు పట్టీ అనేవారు. ఒక పన్ను ఒక ఖురాకు. మందు ఈ పన్ను నుంచి ఆ పన్నుకు దిగేదాకా తాగాలి. అంతే. తెలుగు రానక్కర్లేదు, మరాఠీ రానక్కర్లేదు, అంకెలే రానక్కర్లేదు. సీసా మెడ దగ్గర సన్నబడుతుంది కనక పట్టీ ఎప్పుడూ భుజం కిందే మొదలయ్యేది. నిలువు గోడలున్న చోట సమానమైన ఎత్తు అంటే సమానమైన మందు. తర్వాత నేను తొమ్మిదో తరగతికి స్తూపం ఘనపరిమాణం చెప్పినప్పుడల్లా బోర్డు మీద ముందు గీసింది ఆ సీసానే.

ఆ పట్టీ ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. కంపెనీ సీసాలొచ్చాయి, రంగు లేబుళ్లొచ్చాయి. మందు శుభ్రంగా, ఒకే బలంతో వస్తోంది, అది మేలే. కానీ పట్టీ చేసే పనిని చెంచాకు అప్పగించారు. ఏ చెంచాకో ఎవరూ చెప్పలేదు.

మన భాషలో ఒక వెసులుబాటు ఉంది. ఇంట్లో ఏ పాత్ర పేరు చివరైనా ఒక "డు" తగిలిస్తే అది కొలత అయి కూర్చుంటుంది. చెంచాడు, గరిటెడు, గ్లాసుడు, ముంతెడు, గిద్దెడు, సోలెడు. పాత్రలు లేకపోతే చేతులతోనే. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు. వంటకు ఇది చాలు. పప్పులో నీళ్లు చెంచాడు ఎక్కువైతే ఇంకో ఉడుకు రానిస్తాం. మందు దగ్గరకొచ్చేసరికి ఇదే అలవాటు ప్రమాదమవుతోంది. డాక్టరు నోట "చెంచా" అని వచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఐదు మిల్లీలీటర్లు. వినే తల్లి మనసులో ఉన్నది తన ఇంట్లో, మోరీ పక్కన డబ్బాలో నిలబెట్టిన చెంచా.

ఆ పిల్లవాడు కోలుకున్న వారానికి మా అంతస్తులో అందరినీ వాళ్ల వాళ్ల మందు చెంచాలు తెమ్మన్నాను. వరండాలో చాప పరిచి ఐదు మిల్లీలీటర్ల సిరంజి, గిన్నెడు నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒకామె చక్కెర డబ్బాలో వేసే చిన్న చెంచా తెచ్చింది. ఒకామె అన్నం తినే పెద్ద చెంచా. ఒక ముసలమ్మ దేవుడి దగ్గరి ఉద్ధరిణె తెచ్చింది. తీర్థం పోసేది కనక మందు కూడా దాంతోనే పోస్తే మంచిదని ఆమె నమ్మకం. ఐస్‌క్రీముతో వచ్చిన ప్లాస్టిక్ చెంచా, తేనె సీసాతో వచ్చినది, పాల డబ్బాలో పొడి తీసే స్కూపు కూడా వచ్చాయి. ఆ స్కూపు పొడిని కొలవడానికి చేసినది, ద్రవాన్ని కొలవడానికి కాదు. ఒక్కొక్కటీ నింపి సిరంజితో పీల్చి చూపించాను. ఒకటి సిరంజిలో సగం దాటలేదు. ఇంకొకటి సిరంజి నిండాక కూడా చెంచాలో మిగిలింది. ఉద్ధరిణె తెచ్చిన అవ్వ అంతా చూసి ఒకే మాట అంది: "గట్లయితే మా మనవరాలికి ఇన్నాళ్లు సగం మందే పోసిన్నా బిడ్డా?"

తక్కువ పోసినా నష్టమే, అవ్వ ప్రశ్న వినేదాకా నేనూ అంతగా ఆలోచించలేదు. ఎక్కువైతే పిల్లవాడు మత్తులో పడతాడు, అందరికీ కనబడుతుంది. తక్కువైతే జ్వరం తగ్గదు, యాంటీబయాటిక్ పని చేయదు, మళ్లీ డాక్టరు, మళ్లీ డబ్బు, మళ్లీ ఇంకో సీసా. అది ఎవరి కంటికీ ఆనదు.

ఇది మా చాల్ ఒక్కదాని కథ కాదు. గ్రీసు దేశంలో అట్టికా ప్రాంతంలో 25 ఇళ్ల నుంచి చెంచాలు సేకరించి కొలిచి 2010లో ఒక వైద్య పత్రికలో అచ్చు వేశారు. 71 టీ చెంచాల్లో పట్టింది 2.5 నుంచి 7.3 మిల్లీలీటర్ల దాకా. 49 పెద్ద చెంచాల్లో 6.7 నుంచి 13.4 దాకా. 15 పట్టాల్సిన పెద్ద చెంచా ఒక్కటి కూడా 15 పట్టలేదు. అసలు ఐదు అన్న అంకె కూడా తర్వాత వచ్చినదే. మా నాన్న ఔన్సు గ్లాసు కాలంలో టీ చెంచా అంటే ఒక డ్రాము, బ్రిటిష్ కొలతలో మూడున్నర మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ. అమెరికాలో టీ చెంచా 4.93, పెద్ద చెంచా 14.8. ఆస్ట్రేలియాలో పెద్ద చెంచా 20. కప్పు అంటే ఒకచోట 200, ఒకచోట 240, ఒకచోట 250. వంట పుస్తకం రాసేవాళ్లు వీటితో కుస్తీ పడితే పడనివ్వండి. పది కిలోల బిడ్డ మీద ఈ తేడాలు పడకూడదు.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఖరాఖండిగా చెప్పింది: పిల్లల ద్రవ మందులన్నీ మిల్లీలీటర్లలోనే రాయాలి, చెంచా మాటే రాయొద్దు. దానికి ముందు ఏడాది అక్కడ జరిగిన ఒక పరిశీలనలో చెంచా లెక్కన మందు పోసే తల్లిదండ్రులు, మిల్లీలీటర్ల లెక్కన పోసేవాళ్లకంటే రెండింతలు ఎక్కువగా పొరపాటు పడతారని తేలింది. తర్వాత 2016లో కప్పుకూ సిరంజికీ పోటీ పెట్టి చూస్తే కప్పుతో పొరపాటు జరిగే అవకాశం నాలుగింతలకు పైనే. బాగా చదువుకున్న దేశంలో సంగతి ఇది.

"మీ బస్తీ ఆడవాళ్లకు మిల్లీలీటర్లు అర్థం కావు, చెంచా అంటేనే తెలుస్తుంది" అని నాతో ఒకరిద్దరు చదువుకున్నవాళ్లే అన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీటిని ఆపాక తేలిన పల్లపు నేల మీద మా పెద్దలు గుడిసెలు వేసుకున్నారు. తెలంగాణ నుంచి రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చిన కామాఠీల పేరే ఈ పేటకు మిగిలింది. గోడ కట్టేవాడికి కొలత రాదంటారా? మర మగ్గం మీద పోగులు లెక్కపెట్టిన పద్మశాలికి రాదంటారా? మా గల్లీ ఆడవాళ్లు బంగారం కొనడానికి పోతే తులంతో మొదలుపెట్టి గ్రాములో, మిల్లీగ్రాములో ఎంత తరుగు పోయిందో కంసాలితో వాదిస్తారు. రేషన్ కిరోసిన్ లీటరులో ఎంత తగ్గిందో డబ్బా బరువు చూసి చెప్పినవాళ్లు. ఇంట్లో మగవాడు తాగేది క్వార్టరయితే 180 అని, పెగ్గు 30, పెద్ద పెగ్గు 60 అని ఇష్టం లేకపోయినా తెలుసుకున్నారు. వాళ్లకు ఐదు తెలియదా? తెలుస్తుంది. ఆ ఐదు ఉన్న వస్తువు ఎవరూ చేతిలో పెట్టలేదు, అంతే.

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చినప్పటి సంగతి నాన్న చెప్పేవాడు. అణాకు ఆరుంబావు నయాపైసలు. ఆ పావు ఎక్కడ కలపాలో, ఎక్కడ వదలాలో ఎవరికీ తెలియక దుకాణాల దగ్గర గొడవలు. రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టికలు అచ్చు వేసి పంచారు, గోడలకు అతికించారు. సేర్లు పోయి కిలోలొచ్చాయి. అక్షరం రాని మిల్లు కార్మికులు కూడా కొన్ని నెలల్లో కొత్త లెక్కలో జీతం సరిచూసుకున్నారు. సర్కారు పట్టిక ఇచ్చింది, నాణెం ఇచ్చింది, తూకం రాయి ఇచ్చింది. వస్తువు చేతికొస్తే కొలత నోటికొస్తుంది.

మా ఇంట్లో ఒక ఇత్తడి సోల ఉంది. పాలమూరు నుంచి నాయనమ్మ పెట్టెలో వచ్చింది. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక అని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా మొదటి లెక్కల పాఠం అది. కానీ ఈ ఊరి గిద్దె ఆ ఊరి గిద్దె ఒకటి కాదు. పక్క జిల్లాకు పోతే సోల మారిపోతుంది. అందుకే గిద్దెను మిల్లీలీటర్లలోకి మార్చి చెప్పమని ఎవరన్నా అడిగితే నేను చెప్పను. చెంచాను కూడా మార్చి చెప్పను. తల్లికి మారకపు లెక్క నేర్పడం కాదు కావలసింది, మార్చే పనే లేకుండా చేయడం.

సర్కారు చేతిలోనే దీనికి రుజువుంది. మా అంగన్‌వాడీలో తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు విటమిన్ ఎ పోస్తారు. మొదటిసారి ఒక మిల్లీలీటరు, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు. ఆ సీసాతో పాటే రెండు మిల్లీలీటర్ల ప్లాస్టిక్ చెంచా వస్తుంది, దాని మధ్యలో ఒకటికి గీత ఉంటుంది. అంగన్‌వాడీ తాయి ఏనాడూ ఇంటి చెంచా వాడదు. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ సిరప్ చూడండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. 50 మిల్లీలీటర్ల సీసా మూతికే కొలత అమర్చి ఉంటుంది, ఒకసారికి ఒక మిల్లీలీటరే వస్తుంది. అంటే సర్కారుకు ఈ సంగతి తెలుసు. కొలత మారితే ఏమవుతుందో కూడా తెలుసు. 2001 నవంబరులో అస్సాంలో విటమిన్ ఎ శిబిరాల తర్వాత పిల్లలు జబ్బుపడినప్పుడు, రెండు మిల్లీలీటర్ల చెంచా బదులు ఐదు మిల్లీలీటర్ల కప్పులు ఇచ్చారన్న దాని మీద దేశమంతా వాదన జరిగింది. అంత తెలిసిన చోట, డిస్పెన్సరీ కిటికీలోంచి ఇచ్చే జ్వరం మందుకు, యాంటీబయాటిక్‌కు మాత్రం కొలత ఎందుకు ఉండకూడదు?

జ్వరం మందు దగ్గర ఇంకో మెలిక ఉంది, అది చెంచాను మించినది. పారాసిటమాల్ ఒక సీసాలో ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకో సీసాలో అదే ఐదుకు 250. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. డబ్బాలు చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఒక పూటకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు అన్నది డాక్టర్ల లెక్క. పది కిలోల బిడ్డకు మొదటి సీసాలో ఐదు మిల్లీలీటర్లు సరిపోతాయి. రెండో దాంట్లో రెండున్నర. చుక్కల మందులో ఒకటి, మహా అయితే ఒకటిన్నర. చుక్కల మందును "చెంచాడు" పోస్తే ఆ బిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు వెళ్తాయి, పెద్దవాళ్ల మాత్రంత. పోయిన జ్వరానికి తెచ్చిన సీసా అయిపోయి కొత్తది తెచ్చుకున్న తల్లి పాత అలవాటు కొద్దీ అంతే పోస్తుంది. అమెరికాలో ఈ గందరగోళం పడలేక 2011లో పిల్లల చుక్కల మందు బలం తగ్గించి, పసివాళ్లకూ పెద్ద పిల్లలకూ ఒకే బలం చేశారు. అది మీ చేతిలోని పని కాదని నాకు తెలుసు. మీ డిస్పెన్సరీలో ఒకే బలం ఉన్న సీసా కొనడం మాత్రం మీ చేతిలోనిదే.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన సంగతి బయటపడినప్పుడు మా చాల్లో తల్లులు సీసాలన్నీ మోరీలో పారబోశారు. అది కొలత తప్పు కాదు, సీసాలోనే విషం. ఆ రెండూ వేరని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాను. అయితే ఆ నెలలోనే ఒక మంచి కూడా జరిగింది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేని తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు వేసింది. లేబుల్ మీద ఒక మాట సరిచేయించడానికి ఒక డాక్టరమ్మకు ఎనిమిదేళ్లు పట్టింది. నేను అడిగేది అంతకంటే తేలికైన పని.

ఓఆర్ఎస్ అనగానే గుర్తొచ్చింది. పెద్ద పొట్లం లీటరు నీళ్లకు, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకు. లీటరు పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు మితిమీరుతుంది, మందే కీడవుతుంది. నీళ్లు ఎక్కువైతే పని చేయదు. లీటరు అనగానే మా వాళ్లకు ఇప్పుడు నీళ్ల సీసా ఉంది, మేలు. గ్లాసు దగ్గరే చిక్కు. కటింగ్ చాయ్ గ్లాసూ గ్లాసే, స్టీలు లోటా కూడా గ్లాసే. చిన్న పొట్లంతో పాటు 200 దగ్గర గీత ఉన్న కాగితం కప్పు ఒక్కటి ఇస్తే చాలు.

ఇక నేను అడగదలుచుకున్నది. పాలిక డిస్పెన్సరీల్లో, ఆపలా దవాఖానాల్లో పిల్లలకు ద్రవ మందు ఇచ్చినప్పుడల్లా, సీసాతో పాటు నోట్లో పోసే సిరంజి ఒకటి ఇవ్వండి. ఐదు మిల్లీలీటర్లది, సూది లేనిది. సిరంజి అనగానే మా తల్లులు భయపడతారు, పిల్లలు ఏడుస్తారు. అందుకని దాన్ని నేను మందు పిచికారీ అని పిలుస్తున్నాను. హోలీ ఆడే ముంబైలో పిచికారీ తెలియని పిల్ల లేదు. ఆ పేరు పెట్టాక మా అంతస్తులో ఒక్కరూ వద్దనలేదు. సీసా మూతతో వచ్చే కప్పు చాలదా అంటారేమో. ఆ కప్పు తెల్లటి ప్లాస్టిక్, గీతలు కూడా అదే ప్లాస్టిక్‌లో ఉబ్బెత్తుగా ఉంటాయి. చాల్ ఖోలీలో ఒకే బల్బు వెలుతురులో, రాత్రి రెండు గంటలకు, చంకలో ఏడుస్తున్న బిడ్డతో ఆ 2.5 ఎవరికి కనబడుతుంది? పైగా చిక్కటి సిరప్ కప్పు అడుగునే అంటుకుని మిగిలిపోతుంది. అందుకే జనం కప్పు గీత చూడరు, "ఒక ఢక్కన్" అని పూర్తిగా నింపేస్తారు.

పిచికారీ ఇచ్చేటప్పుడు మందు ఇచ్చే కిటికీ దగ్గరే రంగు గీత పెట్టి ఇవ్వాలి. ఇంత బిడ్డకు ఇంత అని డాక్టరు రాశాక, ఆ అంకె దగ్గర ఫార్మసిస్టు గీత పెట్టి, తల్లితో ఒకసారి నీళ్లు పీల్పించి చూడాలి. నల్ల రబ్బరుకు మూతి వైపున్న అంచు గీతకు ఆనాలి, కడ్డీ వైపు అంచు కాదు. బుడగ వస్తే మూతి పైకెత్తి తట్టి, బుడగ పోయాక మళ్లీ పీల్చాలి. బిడ్డను కూర్చోబెట్టి చెంప లోపలి వైపు మెల్లగా వదలాలి, గొంతులోకి చిమ్మకూడదు. పిచికారీ మూతి మీద చిన్న టోపీ ఉంటే దాన్ని ముందే తీసి పారేయాలి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుంది. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. మీ కిటికీల దగ్గర వరస ఎంత పొడుగో నాకు తెలుసు, ఆ రెండు నిమిషాలు చిన్న కోరిక కాదని కూడా తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

చీటీ కూడా తెలుగులో కావాలి. పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. పిల్లకు తెలుగులో "లీటరులో వెయ్యో వంతు మిల్లీలీటరు" అని నేర్పిన పాలికే, ఆ పిల్ల తల్లయ్యాక మందు చీటీ ఆమెకు రాని భాషలో ఇస్తోంది. కామాఠిపురా, వర్లి, లోయర్ పరేల్, ధారావి తెలుగువాళ్లకు మీరు కొత్తగా అనువాదకులను వెతకనక్కర్లేదు. మీ బడుల్లో తెలుగు టీచర్లున్నారు. చీటీ మీద "చెంచా" అన్న మాట ఏ భాషలోనూ ఉండకూడదు. దశాంశ చుక్క ముందు అంకె లేకపోతే సున్నా ఉండాలి, చుక్క వెనక ఉత్త సున్నా ఉండకూడదు. అర మిల్లీలీటరును 0.5 అని రాయాలి. ఉత్త చుక్క పెట్టి ఐదు వేస్తే ఆ చుక్క చెరిగి ఐదవుతుంది. ఐదును 5.0 అని రాస్తే యాభై అవుతుంది. పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, చుక్క ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో చూశాను.

మా పేట పేరు వినగానే బయటివాళ్లకు ఒకటే గుర్తొస్తుంది, వేశ్యావాటికలు. ఆ ఇళ్లలోనూ పసిపిల్లలున్నారు. అక్కడి తల్లుల్లో తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, తెచ్చి పడేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకామె నా దగ్గరకు అర్ధరాత్రి సీసా పట్టుకొచ్చి, లేబుల్ చదివి చెప్పమని తలుపు కొట్టింది. రాత్రి పూట వాళ్ల పిల్లలకు మందు పోసేది ఎవరో మీరు ఒకసారి ఆలోచించండి. ఆరేళ్ల అక్క తమ్ముడికి పోస్తుంది. ఆ పిల్లకు చెంచా, సగం, ముప్పావు చెప్పి లాభం లేదు. ఎర్ర గీత చూపిస్తే చాలు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పిచికారీ పంపుతున్నాను. నాన్న లాగే నోటుబుక్కు అంచు కోసి సన్నటి పట్టీ చేసి, దాని పళ్లు పిచికారీ గీతలకు సరిపోయేలా అతికించి, తడికి పోకుండా పైన పారదర్శకమైన టేపు చుట్టాను. కింది పన్ను 2.5 దగ్గరుంది, దాని మీద ఎర్ర గోళ్ల రంగు పూశాను. అది మా పక్క ఖోలీ పిల్లవాడి గీత. ఇప్పుడు వాడికి మూడున్నరేళ్లు, బరువు పెరిగాడు కనక గీత పైకి జరగాలి. ఎంతకు జరపాలో డాక్టరు చెప్పాలి. నీళ్లు పోసి మీరే ఒకసారి కొలిచి చూడండి. తేడా ఉంటే నాకు రాయండి, పట్టీ తీసి మళ్లీ అతికిస్తాను.

ఇట్లు,
ఒక రిటైరైన తెలుగు బడి టీచరు,
కామాఠిపురా, ముంబై